అద్దం తొట్టెల్లో ఐదు బయోమ్‌లు: మార్చి నుంచి మృగశిర దాకా ప్రాజెక్టు డైరీ

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీలో, దాని పక్క గదిలో నాలుగు అద్దం తొట్టెలు, ఒక ప్లాస్టిక్ టబ్బు, రెండు ఫ్రీజర్ ట్రేలతో కట్టిన నమూనాల లెక్క ఇది. బయోమ్ అంటే ఒకే తరహా వాతావరణం, దానికి తగ్గ మొక్కలు, జంతువులు ఉండే పెద్ద ప్రాంతం. వర్షారణ్యం, వేడి ఎడారి, సవానా (గడ్డి నేల, మధ్యలో అక్కడక్కడ చెట్లు), టండ్రా (ధ్రువాల దగ్గరి చెట్లులేని చలి నేల), మంచినీటి కుంట, మొత్తం ఐదు. మార్చి మొదట్లో మొదలై మృగశిర కార్తె వానలతో ముగిసింది. మళ్ళీ కట్టేవాళ్ళు కొలతలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. తప్పులు రాయడానికి ఎక్కువ చోటు పట్టింది, ఎందుకంటే పనికొచ్చే సంగతులన్నీ వాటిలోనే తేలాయి.

టైగా (చలి దేశాల సూదాకు చెట్ల అడవి), సమశీతోష్ణ ఆకురాల్చే అడవి కట్టలేదు. ఆ చెట్ల మొగ్గలు విచ్చాలంటే ముందు వారాల తరబడి చలి తగలాలి. ఇక్కడి డిసెంబరు చలి దానికి చాలదు. కృత్రిమంగా చలి పెడితే కరెంటు బిల్లు తప్ప ఏమీ పెరగదు.

దశ 1: తొట్టెలు, కొలిచే సామాను

తొట్టెలన్నీ 5 మి.మీ. అద్దం, లోపలి అడుగు 60×30 సెం.మీ. వర్షారణ్యానికి, ఎడారికి 35 సెం.మీ. ఎత్తు. సవానాకు 45 సెం.మీ. ఎత్తువి రెండు. సవానాకు రెండెందుకో దశ 4లో తెలుస్తుంది. ఆ రెండింటి అడుగున 12 మి.మీ. రంధ్రం ముందే వేయించాం. అద్దం కోయించేటప్పుడే రంధ్రం చెప్పాలి. టఫెన్డ్ గ్లాసైతే తర్వాత డ్రిల్ పెట్టగానే మొత్తం పొడిపొడి అయిపోతుంది.

అడుగు కొలత అన్ని తొట్టెలకూ ఒకటే ఉండాలని పట్టుబట్టడానికి కారణం వాన లెక్క. 60×30 సెం.మీ. అంటే 0.18 చదరపు మీటరు. అందులో 1 మి.మీ. వాన అంటే 180 మి.లీ. నీరు. ఇక ఏ ఊరి వర్షపాతమైనా కొలజాడీతో పోయొచ్చు.

1. ప్రోబ్ వైరున్న డిజిటల్ థర్మో-హైగ్రోమీటర్లు (వేడి, గాలి తేమ చూపేవి) 5
2. లక్స్ మీటర్ (వెలుతురు కొలిచేది) 1
3. టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలను పీపీఎంలో, అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళో, చూపేది) 1
4. పీహెచ్ స్ట్రిప్పులు ఒక డబ్బా (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం)
5. 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం మెషిన్ 1

హైగ్రోమీటర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు రకం. ఐదింటినీ పక్కపక్కన పెడితే ఐదు అంకెలు చూపించాయి, కాబట్టి ముందు సరిచూసుకోవాలి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీరు మాత్రమే చల్లాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోతే పరీక్ష చెల్లదు. మూతనీ మీటర్‌నీ జిప్ కవరులో పెట్టి గాలి పోకుండా మూసి 12 గంటలు వదిలేయాలి. గది వేడిలో తడి ఉప్పు మీది గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మాకు వచ్చిన అంకెలు 68, 71, 75, 79, 83. ప్రతి మీటర్ వెనక టేపు అంటించి ఎంత కలపాలో, ఎంత తీయాలో రాశాం. కింద ఉన్న తేమ అంకెలన్నీ అలా సరిచేసినవే.

ఖర్చు: తొట్టెలు రూ. 4,200, రంధ్రాలు రూ. 160, కొలిచే సామాను రూ. 2,700. ఇప్పటిదాకా మొత్తం రూ. 7,060.

దశ 2: వర్షారణ్యం

1వ రోజు. అడుగున 4 సెం.మీ. ఇటుక ముక్కలు, పైన దోమతెర గుడ్డ, దాని మీద 1 సెం.మీ. బొగ్గు ముక్కలు, ఆపైన 10 సెం.మీ. రేగడి మట్టి, పశువుల ఎరువు. నల్లగా ఉంటే సారం ఎక్కువని రేగడి ఎంచుకున్నాం. మొక్కలు ఫిట్టోనియా, సింగోనియం, పెపరోమియా, రెండు రకాల ఫెర్న్. పైన అద్దం మూత.

నీటి లెక్క: వర్షారణ్యంలో ఏడాదికి 2,500 మి.మీ. వాన అనుకుంటే రోజుకు దాదాపు 6.85 మి.మీ., అంటే సుమారు 1.2 లీటర్లు. అలాగే పోశాం.

5వ రోజు. 6 లీటర్లు పోశాక నీరు అడుగు నుంచి సుమారు 8 సెం.మీ. ఎత్తున నిలిచింది. బయటికి పోయే దారే లేదు. రేగడి ఉబ్బి ఇటుక ముక్కల మీద మూతలా కూర్చుంది.

7వ రోజు. మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన. గాలి అందని బురదలో గంధకంతో బతికే బాక్టీరియా పని అది. ఫిట్టోనియాను పీకి చూస్తే వేరు నల్లగా మారి పైతొక్క వేళ్ళకు అంటుకు వచ్చింది, లోపలి నార దారంలా మిగిలింది. మట్టి పీహెచ్ 8 దాటింది.

ఇందులో రెండు తప్పులు. మొదటిది మట్టి. వర్షారణ్యాల కింది నేలలు చాలా చోట్ల ఎర్రగా, పసుపుగా, వానకు సారమంతా కడుక్కుపోయి ఉంటాయి, పీహెచ్ 4-5 దగ్గర ఆమ్లంగా. ఆ అడవి పోషకాలు నేలలో కన్నా చెట్లలో, రాలిన ఆకుల్లో ఎక్కువ. రాలిన ఆకు కుళ్ళిన వెంటనే పైపైన పరచుకున్న వేళ్ళు, శిలీంధ్రాలు సారం లాగేసుకుంటాయి. పైగా మన రేగడి నలుపు చూసి సేంద్రియ పదార్థం ఎక్కువనుకోవడం కూడా పొరపాటే. దాని గుణం ఉబ్బి పగిలే బంకమట్టిది.

రెండో తప్పు నీటి లెక్కలో. అడవి మీద పడిన వానలో కొంత నదుల్లోకి పోతుంది, కొంత ఆకుల నుంచి ఆవిరై మళ్ళీ అక్కడే మబ్బవుతుంది. అమెజాన్ పరీవాహకంలో ఇలా అడవే తిరిగి పంపే తేమ అక్కడి వానలో నాలుగో వంతు నుంచి సగం దాకా ఉంటుందని అంచనా. మూత పెట్టిన తొట్టెలో ఒకసారి పోసిన నీరే మళ్ళీ మళ్ళీ కురుస్తుంది. వచ్చే నీరు కొలిచి, పోయే నీరు కొలవకపోవడమే ఇక్కడ జరిగింది.

8వ రోజు, తిరిగి కట్టడం:

1. కొబ్బరి పొట్టు 2 పాళ్ళు, మాగిన ఆకు ఎరువు 1 పాలు, ఎర్రమట్టి 1 పాలు, గుప్పెడు బొగ్గు. కొబ్బరి పొట్టును ముందు మూడు నీళ్ళు మార్చి కడగాలి, ఉప్పు ఉంటుంది. కలిపాక పీహెచ్ 6కి కాస్త తక్కువ.
2. మొత్తం మీద 600 మి.లీ. నీరు చిలకరింపు.
3. గుప్పెడు తడి ఆకుచెత్త. దానితో పాటే స్ప్రింగ్‌టెయిల్స్ అనే నలుసంత పురుగులు వస్తాయి, కావాల్సింది అవే.
4. మూత. వారానికి 100 మి.లీ.

12వ రోజు. బోరు నీరు పోస్తే రెండు రోజులకే అద్దం లోపల తెల్లటి చారలు, ఫెర్న్ కొసలు గోధుమరంగు. టీడీఎస్ బోరు నీటిలో 780 పీపీఎం, నల్లా నీటిలో 240, ఆర్వో నీటిలో 45. మూత ఉన్న తొట్టెలో నీరు తిరుగుతుంది కానీ ఉప్పు ఎక్కడికీ పోదు, పోసినదంతా పేరుకుంటుంది. ఆర్వో నీటికి మారాం. వాన నీరు పట్టుకోగలిగితే ఇంకా మంచిది.

15వ రోజు. తొట్టె పడమటి బాల్కనీలో ఉండగా మధ్యాహ్నం 3 గంటలకు బయట 38 డిగ్రీలు, లోపల 46.5. సింగోనియం ఆకులు ఉడికినట్టయ్యాయి. మూసిన అద్దం పెట్టెను నేరుగా ఎండలో ఎప్పుడూ పెట్టొద్దు. గదిలోకి మార్చి, 30 సెం.మీ. పైన 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్లు రెండు, టైమర్‌తో 12 గంటలు. మట్టి మీద 3,000 లక్స్ వచ్చింది. నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. దట్టమైన వర్షారణ్యంలో నేలను చేరేది అందులో ఒకటి రెండు శాతమే కాబట్టి ఈ మొక్కలకు ఇది సరిపోయింది.

30వ రోజు. లోపల 27-29 డిగ్రీలు, తేమ 90 పైన. నీటి తూకం సరిగ్గా ఉందో లేదో అద్దమే చెబుతుంది. పొద్దున ఒక పక్క మంచు పట్టి మధ్యాహ్నానికి తేటపడితే సరి. రోజంతా మసకగానే ఉంటే మూత రెండు గంటలు తీయాలి. అసలు మంచే పట్టకపోతే 50 మి.లీ. చల్లాలి.

8వ రోజు నుంచి 96వ రోజు దాకా పోసిన మొత్తం 1.8 లీటర్లు. మొదటి లెక్క ప్రకారమైతే 12 వారాలకే 103 లీటర్లు పోసి ఉండాలి.

ఖర్చు: లైట్లు, టైమర్ రూ. 910, మిగతావి రూ. 900 (రేగడి, ఎరువు రూ. 120, రెండోసారి కొన్న మొక్కలు రూ. 260 కలిపి). ఇప్పటిదాకా రూ. 8,870.

దశ 3: వేడి ఎడారి

3వ రోజు. ఎడారి అంటే ఇసుక అనుకుని 15 సెం.మీ. రోబో శాండ్ నింపాం. నిజానికి ప్రపంచంలోని ఎడారుల్లో ఇసుక పరచుకున్నది దాదాపు ఐదో వంతే. మిగతాది రాయి, గులక, గట్టి నేల. రోబో శాండ్‌లో రాతి పొడి ఎక్కువ. ఒకసారి తడిసి ఆరాక పైన బిస్కెట్ లాంటి పొర కట్టింది, పోసిన నీరు పక్కకు జారి అద్దం అంచున దిగింది.

6వ రోజు, మార్పు. జల్లెడ పట్టి కడిగిన ముతక నది ఇసుక 60 శాతం, 3-5 మి.మీ. మొరం 25 శాతం, ఎర్రమట్టి 15 శాతం. మొక్కలు కలబంద, నాగజెముడు ముక్క, బొంతజెముడు ముక్క. జెముడు ముక్కలను కోసి వారం నీడలో ఆరబెట్టాకే నాటాలి. బొంతజెముడు కోసేటప్పుడు కళ్ళజోడు తప్పనిసరి, ఆ పాలు కంట్లో పడితే ఆస్పత్రి మెట్లెక్కాల్సిందే.

ఆ రెండు జెముళ్ళనూ పక్కపక్కన పెట్టడం కావాలనే. నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన కాక్టస్. బొంతజెముడు మన గట్ల మీది యుఫోర్బియా, కాక్టస్‌కు చుట్టమే కాదు. కోస్తే దీనికి పాలు కారతాయి, దానికి కారవు. ముళ్ళు, కండ పట్టిన కాండం, ఆకులు లేకపోవడం మాత్రం రెండింటికీ ఒకటే. వేర్వేరు ఖండాల్లో ఎండా కరువూ రెండింటినీ ఒకే అచ్చులో పోశాయి.

30వ రోజు. ఏడాదికి 100 మి.మీ. లెక్కన వారానికి 346 మి.లీ. పోస్తూ వచ్చాం. పైన ఇసుక పొడిగా మెరుస్తోంది, అడుగున 3 సెం.మీ. తడి. కలబంద మొదలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. ఈ తొట్టెకు రంధ్రం వేయించకపోవడం మొదటి పొరపాటు, చినుకు చినుకుగా పోయడం రెండోది. ఎడారిలో వాన వారం వారం రాదు. నెలల తరబడి ఏమీ ఉండదు, వస్తే ఒక్కసారి దబాయించి పోతుంది.

మరమ్మతు:

1. మూలలో అర అంగుళం పీవీసీ పైపు అడుగుదాకా నిలబెట్టాం. పైపు కింది అంచు వాలుగా కోయాలి, లేకపోతే అడుగుకు అతుక్కుంటుంది.
2. అడుగున చేరిన నీటిని పెద్ద సిరంజికి సన్న ట్యూబు తగిలించి లాగేశాం.
3. మిగిలిన 8 వారాల కోటా 2,768 మి.లీ.ని రెండే విడతలుగా, 50వ రోజున, 85వ రోజున, 1,384 మి.లీ. చొప్పున.

54వ రోజు. మొదటి విడత పడిన నాలుగో రోజుకు, ఎవరూ చల్లని మొలకలు తొమ్మిది. ఎర్రమట్టితో వచ్చిన కలుపు గింజలవి. వారం వారం పోసిన నెలలో ఒక్కటీ లేవలేదు, ఎందుకంటే ఆ కొద్ది నీరు పైపొరలో గంటల్లో ఆరిపోయేది. అసలు ఎడారుల్లోని ఏకవార్షిక మొక్కలు ఇలాగే గింజగా ఏళ్ళకేళ్ళు పడి ఉండి, గట్టి వాన పడ్డాకే లేస్తాయి. ఈ మొలకలు 19 రోజులు బతికాయి. పీకకుండా వదిలేయాలి.

వేడి (మే మొదటి వారం, మధ్యాహ్నం 2 గంటలు, తూర్పు బాల్కనీ గోడ పక్కన, ఎండ మళ్ళిన గంటన్నరకు): గాలి 40 డిగ్రీలు, ఇసుకలో 1 సెం.మీ. లోతున 47, 10 సెం.మీ. లోతున 36. ఎడారి జంతువులు బొరియల్లో పగలు గడపడం ఎందుకో ఆ మూడు అంకెల్లోనే ఉంది. కుదరనిది రాత్రి చలి. ఎడారిలో పొడిగాలి, మబ్బులేని ఆకాశం వల్ల రాత్రికి వేడి గబగబా పోతుంది. మే నెల హైదరాబాద్‌లో తెల్లవారుజామున కూడా 28 దగ్గరే ఆగింది. ఆ తేడా చూపాలనుకుంటే ఈ తొట్టె డిసెంబరులో కట్టాలి.

ఖర్చు: రూ. 460 (వృథా పోయిన రోబో శాండ్ రూ. 70 కలిపి). ఇప్పటిదాకా రూ. 9,330.

దశ 4: సవానా, రెండు తొట్టెలు

ప్రాజెక్టులో అందరూ తప్పక కట్టాల్సింది ఇదే. చోటు లేకపోతే మిగతావి వదిలేయండి.

హైదరాబాద్‌కు ఏడాదికి 800 మి.మీ. అటూ ఇటూ వాన. లండన్‌కు 600 దగ్గర. అంటే వాన మనకే ఎక్కువ. అయినా అక్కడ ఏడాది పొడుగునా పచ్చిక, ఇక్కడ ఏప్రిల్‌కల్లా గట్ల మీద ఎండుగడ్డి, తుమ్మలు, సీతాఫలం పొదలు. కేబీఆర్ పార్కులో నడిచినవాళ్ళకు వేసవిలో ఆ మోడు కొమ్మలు తెలిసే ఉంటాయి. మన వానలో ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో పడిపోతుంది, ఎండకు ఆవిరయ్యేది కూడా అక్కడికన్నా చాలా ఎక్కువ. వీటిలో మొదటిదాన్ని విడిగా పరీక్షించడానికే రెండు తొట్టెలు. నీరు మొత్తం రెండింటికీ సమానం, పోసే వేళ మాత్రం వేరు.

కట్టిన తీరు, రెండూ అచ్చు ఒకటే:

1. రంధ్రం మీద స్టీలు జాలీ ముక్క, 3 సెం.మీ. మొరం.
2. 24 సెం.మీ. చెల్క మట్టి, ప్రతి 8 సెం.మీ.కు ఒకసారి తట్టి నొక్కడం.
3. అరచేయంత గరిక చాపలు ఆరు.
4. తుమ్మ గింజలు ఎనిమిది. పెంకు గట్టిది. మరిగించి దించిన నీటిని ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అందులో వేసి రాత్రంతా ఉంచాలి. ఉబ్బినవే నాటాలి. ఉబ్బనివాటి మొదలు కాని పక్క గోరు కత్తెరతో చిన్న గాటు పెట్టి మళ్ళీ నానేయాలి.
5. అద్దం చుట్టూ గోనె సంచి. లేకపోతే పక్కల నుంచి ఎండ తగిలి వేళ్ళు ఉడుకుతాయి, అద్దం లోపల పచ్చగా పాకుడు పడుతుంది.

గడ్డి, గింజలు ఊరి బయట ప్రైవేటు చెలక నుంచి, యజమానిని అడిగి తెచ్చినవి. నేషనల్ పార్కుల నుంచి ఆకు కూడా తేవొద్దు, చట్టం ఒప్పుకోదు.

నీటి పట్టిక. సంవత్సరాన్ని 12 వారాలకు కుదించి, వారం అంటే నెల అనుకున్నాం. నెల వాన మొత్తం ఒక్క వారంలో పోస్తే మునిగిపోతుంది, ఎందుకంటే ఆవిరి వేగం కుదించలేం. అందుకే 12 వారాల్లో న్యాయంగా పడాల్సిన వాటానే తీసుకున్నాం: 800×12÷52 = 185 మి.మీ., అంటే సుమారు 33.2 లీటర్లు.

తొట్టె అ: 1-4 వారాలు వారానికి 6.2 లీటర్లు. 5వ వారం 5 లీటర్లు. 6-12 వారాలు వారానికి 480 మి.లీ.
తొట్టె ఆ: 12 వారాలూ వారానికి 2.77 లీటర్లు.

12వ రోజు పట్టిక ప్రకారం మొదటి నీరు. అప్పటికి తుమ్మ మొలకలు అ లో 6, ఆ లో 7. సమానం కోసం ఆ లో ఒకటి పీకేశాం.

2వ వారం. తొట్టె అ లో రంధ్రం నుంచి 1.9 లీటర్లు కారింది. కింద ట్రే పెట్టి కొలవండి. నేల పట్టుకోగలిగినంతే పట్టుకుంటుంది, మిగతాది మన వాగుల్లోకి పోయినట్టే పోతుంది. ఆ లో చుక్క కారలేదు.

4వ వారం. రెండూ పచ్చగానే ఉన్నాయి. చూసినవాళ్ళు తేడా ఏదని అడిగారు.

5వ వారం, దెబ్బ. ఏప్రిల్ సాయంత్రం ఈదురుగాలితో అరగంట వాన. పక్కన నిలువు గోడల స్టీలు గ్లాసు ఉంచాం కాబట్టి కొలత దొరికింది: 11 మి.మీ., అంటే తొట్టెకు దాదాపు 2 లీటర్లు. తొట్టె అ లో 5వ వారం కోటా నుంచే తీసేశాం, తొట్టె ఆ లో రాబోయే రెండు వారాలకు పంచి తగ్గించాం. తర్వాత పాలీకార్బొనేట్ షీటు కట్టాం. హైదరాబాద్‌లో వేసవి ప్రయోగమంటే ఈ షీటు మొదటిరోజే ఉండాలి. ఆ గ్లాసు లేకపోయి ఉంటే పట్టిక మొత్తం పాడయ్యేది.

6వ వారం నుంచి రెండు వారాలకోసారి రెండింటిలో గరికను 3 సెం.మీ.కు కత్తిరించాం. సవానాలో మేసే జంతువులు, నిప్పు లేకపోతే గడ్డికీ చెట్టుకూ మధ్య తూకం నిలవదు. నిప్పు బాల్కనీలో కుదరదు, కత్తెరే ఆవు అనుకున్నాం. కత్తిరించిన గడ్డిని అక్కడే వదిలేశాం. తీసేయడమే సరైనది, మేసిన గడ్డి అక్కడ మిగలదు కదా. ఇది ఆలస్యంగా తట్టింది.

9వ వారం. తొట్టె అ లో గరిక పూర్తిగా గోధుమరంగు. పట్టుకుంటే గలగలమంది. తుమ్మ మొక్కలు ఆరూ పచ్చగా, మధ్యాహ్నం ఆకులు ముడుచుకుని ఉన్నాయి. తొట్టె ఆ లో గరిక కొసలు పండినా చాప పచ్చగానే ఉంది.

11వ వారం, రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. రెండింటి మీదా 50 శాతం షేడ్ నెట్ వేశాం. ఇది ప్రయోగానికి ఒక మచ్చ, రాసుకుంటున్నాం.

96వ రోజు. ప్రతి తొట్టెలో మూడేసి తుమ్మలను నీటిధారతో మట్టి కరిగించి వేరు తెగకుండా తీశాం. సగటు:

తొట్టె అ: పై ఎత్తు 10 సెం.మీ., తల్లివేరు 23 సెం.మీ.
తొట్టె ఆ: పై ఎత్తు 11 సెం.మీ., తల్లివేరు 9 సెం.మీ.

పైనుంచి చూస్తే రెండూ ఒకలాంటి మొక్కలే. అ లో వేరు మట్టి అడుగుదాకా దిగి, మొరం తగిలి పక్కకు వంగింది. ఆ లో వేరు గరిక వేళ్ళ చాపలోనే అల్లుకుపోయింది, దిగాల్సిన అవసరం దానికి రాలేదు. పోసిన నీరు రెండింటికీ అదే 33.2 లీటర్లు. వేళ్ళ మీద గుండుసూది తలంత బుడిపెలు అ లోనూ ఆ లోనూ కనిపించాయి. గోటితో చిదిమితే లోపల లేత గులాబీ రంగు, అంటే నత్రజని పట్టే బాక్టీరియా పనిలో ఉన్నట్టు.

ఖర్చు: గోనె, షీటు, నెట్ రూ. 460. ఇప్పటిదాకా రూ. 9,790.

ఆకు సంచుల కొలత (మూడు బయోమ్‌లకూ కలిపి)

జీవ కారకాలను, అంటే ప్రాణులు చేసే పనిని, అంకెల్లో పట్టుకోవడానికి సులువైన పని ఇదే. ఎండిన రావి ఆకులు 10.0 గ్రాములు, 2 మి.మీ. నైలాన్ జాలీ సంచిలో కుట్టి, మట్టిలో 2 సెం.మీ. లోతున పెట్టాలి. వేపాకు వద్దు, సూక్ష్మజీవులకు అది చేదే. 30వ రోజు పెట్టి 86వ రోజు తీసి, మట్టి దులిపి, మూడు రోజులు ఎండబెట్టి తూచాం.

మిగిలిన ఆకు: వర్షారణ్యం 6.1, సవానా ఆ 7.6, సవానా అ 8.7, ఎడారి 9.6 గ్రాములు.

వేడి నాలుగింటిలోనూ ఉంది, తడి ఎంతకాలం నిలిచిందన్నదే తేడా. వర్షారణ్యం సంచి విప్పితే ఆకు ఈనెల వల మాత్రమే మిగిలిన చోట్లు ఉన్నాయి, దీపానికి అడ్డం పెడితే దోమతెరలా కనిపించింది. ఎడారి సంచిలో ఆకు పెట్టినప్పటి మడతతోనే వచ్చింది.

దశ 5: టండ్రా

టండ్రాలో ఏడాది వాన, మంచు కలిపినా చాలా చోట్ల 250 మి.మీ. లోపే, అంటే ఎడారి లెక్కే. అయినా వేసవిలో అక్కడ బురద, కుంటలు, దోమలు. కింద ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉండే నేల నీటిని దిగనివ్వదు, చలికి ఆవిరీ తక్కువ. పైన వేసవిలో కరిగే పలుచని పొరలోనే వేళ్ళన్నీ బతకాలి. ఇక్కడ మొక్కలు కట్టలేదు, ఆ కరిగే పొరను మాత్రమే కట్టాం.

మొదటి ప్రయత్నం. 30×20×15 సెం.మీ. ట్రేకు అడుగున నాలుగు రంధ్రాలు, 12 సెం.మీ. చెమ్మ మట్టి, డీప్ ఫ్రీజర్‌లో 48 గంటలు. తీసి 300 మి.లీ. నీరు పోస్తే ఎనిమిది నిమిషాల్లో కింద కారిపోయింది. మట్టి గడ్డకట్టింది కానీ సందుల్లో మంచు లేదు. నీరు నిండని నేల ఎంత చల్లబడినా జల్లెడే.

రెండో ప్రయత్నం:

1. రంధ్రాలకు కింద టేపు, మట్టి పైన నీరు మెరిసేదాకా పోసి ఒక రోజు నాననివ్వాలి.
2. 48 గంటలు గడ్డకట్టించాలి. ట్రే అంచుకు 2 సెం.మీ. ఖాళీ ఉంచాలి, మంచు ఉబ్బుతుంది. ఇలా నింపిన మొదటి ట్రే ఖాళీ లేకనే పగిలింది.
3. టేపు తీసి, చేపలు వచ్చే థర్మాకోల్ డబ్బాలో పెట్టి, చుట్టూ సందుల్లో ఊక కూరాలి. లేకపోతే పక్కల నుంచి కరిగి కొలత తప్పుతుంది.
4. పోసే నీరు ఫ్రిజ్‌లోది అయ్యుండాలి.

300 మి.లీ. పోస్తే పైనే నిలిచింది. గంట తర్వాత కూడా కింద పొడి.

కరిగిన లోతు స్వెటర్ అల్లే సూదితో, ఐదు చోట్ల గుచ్చి సగటు. టండ్రాలో పరిశోధకులు చేసేదీ ఇదే, వాళ్ళ సూది మీటరు పొడవు ఇనుప కడ్డీ. గది 29 డిగ్రీలు.

ఉత్త మట్టి: 4 గంటలకు 1.5 సెం.మీ., 8 గంటలకు 3.4 సెం.మీ.
పైన 3 సెం.మీ. పొడి కొబ్బరి పొట్టు పరచిన రెండో ట్రే: 4 గంటలకు సూది దిగలేదు, 8 గంటలకు 0.5 సెం.మీ.

కొబ్బరి పొట్టు అక్కడి నాచు పొరకు బదులు. టండ్రాలో నాచు చెరిగిపోయిన చోట, బండ్లు తిరిగిన దారుల్లో నేల లోతుగా కరిగి కుంగడానికి కారణం ఇదే దుప్పటి పోవడం.

ఖర్చు: రూ. 460. ఇప్పటిదాకా రూ. 10,250.

దశ 6: మంచినీటి కుంట

క్లుప్తంగా. 40 లీటర్ల టబ్బు, 3 సెం.మీ. మట్టి, పైన 2 సెం.మీ. కడిగిన ఇసుక, హైడ్రిల్లా అనే నీటి మొక్క, నత్తలు నాలుగు. నల్లా నీరు క్లోరిన్ పోవడానికి రెండు రోజులు మూత లేకుండా ఉంచాకే పోయాలి.

40వ రోజు పీహెచ్: పొద్దున 6కి 7.3, సాయంత్రం 4కి 8.8. ఒకే నీరు. పగలు హైడ్రిల్లా నీటిలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటే పీహెచ్ ఎక్కుతుంది, రాత్రి అన్నీ శ్వాసిస్తే దిగుతుంది. నిర్జీవ కారకాన్ని (ఇక్కడ నీటి పీహెచ్) జీవ కారకం రోజూ అటూ ఇటూ లాగడం చూడాలంటే ఇంతకన్నా చవక పరీక్ష లేదు.

41వ రోజు ఒక గుర్రపు డెక్క మొక్క వేశాం, కావాలనే. 62వ రోజుకు పైభాగం అంతా కప్పేసింది. నీటి కింద వెలుతురు 9,000 లక్స్ నుంచి 300కి పడింది, హైడ్రిల్లా గోధుమరంగై విరిగింది, పీహెచ్ పొద్దునా సాయంత్రమూ 7 దగ్గరే. అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ మొక్క మన చెరువుల మీద చేసేది ఇదే. తీసిన డెక్కను మిద్దె మీద కరకరలాడేలా ఎండబెట్టి చెత్తలో వేయాలి. పొరపాటున కూడా చెరువులోనో నాలాలోనో పారేయొద్దు.

ఖర్చు: రూ. 410. మొత్తం రూ. 10,660. అందులో తప్పులకు పోయింది రూ. 450, పగిలిన ట్రే ఖరీదు వేరే.

మృగశిర తర్వాత

99వ రోజు. మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం పాలీకార్బొనేట్ షీటు తీసేశాం. గ్లాసులో 24 మి.మీ.
101వ రోజు. తొట్టె అ లో ఎండు గరిక కణుపుల దగ్గర లేత ఆకుపచ్చ చుక్కలు, చాపకు పది పన్నెండు.
103వ రోజు. చిగుళ్ళు 2 సెం.మీ. మిగిలిన మూడు తుమ్మల్లో రెండు కొత్త ఆకు వేశాయి.
106వ రోజు. గరిక 5 సెం.మీ. తొట్టె రెండోసారి వాడబోతున్నాం. ఈసారి కత్తిరించిన గడ్డి బయటికి, ఎడారి తొట్టెకు అడుగున రంధ్రం.